పన్నెండు నెలల వేట

చార్మినార్ దగ్గర బయలుదేరి, లాడ్ బజార్ గాజుల దుకాణాల మధ్య నుంచి పడమటికి నడిస్తే మహబూబ్ చౌక్ వస్తుంది. చౌక్ నడుమ గడియారం గోపురం. నిజాం ప్రభుత్వంలో ప్రధానిగా ఉన్న ఆస్మాన్ జా 1892లో దాన్ని కట్టించాడు. ఈ చోటుకి జనం పెట్టుకున్న పేరు ముర్గీ చౌక్. నాటుకోళ్లు, అసీల్ పుంజులు, పావురాలు, తెల్ల కుందేళ్లు, పంజరాల్లోనే తరాల తరబడి పెరుగుతూ వస్తున్న ఆస్ట్రేలియా లవ్‌బర్డ్స్ ఇక్కడ దొరుకుతాయి. పాతబస్తీలో పావురాలు పెంచడం ఎన్నో కుటుంబాలకు తాతల నాటి ముచ్చట. ఈ పెంపుడు జీవాల అమ్మకానికి, అడవికి ఏ సంబంధమూ లేదు.

వాటి చాటున సాగే ఇంకో వ్యాపారానికి మాత్రం ఆ సంబంధం ఉంది. అటవీ శాఖ దాడులు చేసినప్పుడల్లా ఇక్కడ రామచిలుకలు, జినువాయిలు, కౌజు పిట్టలు పట్టుబడుతూనే ఉన్నాయి. పట్టుకెళ్లిన కొన్నాళ్లకే మళ్లీ కొత్త పంజరాలు వస్తాయి. వాటిలో ఒకదాన్ని దగ్గర నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. అడుగున చల్లిన కొర్రల మీద పదుల కొద్దీ పిట్టలు ఒకదానిమీదొకటి పడుతుంటాయి. ఒక్కోటి పది సెంటీమీటర్ల పొడవు. ముక్కు ఎరుపు, ఒళ్లు ఎరుపు, రెక్కల మీదా పక్కల మీదా తెల్లటి చుక్కలు. ఊచలకు రాసుకుని రాసుకుని కొన్నిటికి నుదుటి ఈకలు రాలిపోయి చర్మం కనిపిస్తుంటుంది. పాతబస్తీలో దీన్ని లాల్ మునియా అంటారు, తెలుగులో ఎర్ర జినువాయి. పంజరంలో పుట్టిన పిట్ట కాదిది. ఏదో చెరువు గట్టు తుంగలోనో, చెరుకు తోట అంచునో వల కింద పడింది.

మన దేశంలో ఈ పిట్టను పట్టడానికి అనుమతించిన కాలమంటూ ఏదీ లేదు. ఏడాది పొడవునా నిషేధమే. అయినా ఏడాది పొడవునా వేట సాగుతూనే ఉంది. సాగడంలోనూ ఒక క్రమం కనిపిస్తుంది. గూడు కట్టినప్పుడు పిట్ట ఒక్క చోటికి కట్టుబడి ఉంటుంది. జత కోసం కూసినప్పుడు తానున్న చోటు తానే చెబుతుంది. రంగు తేలినప్పుడు దూరానికీ కనబడుతుంది. వేటగాడికి ఏ రోజుల్లో పని సులువో, జీవానికి పిల్లల్ని కనే రోజులు చాలావరకు అవే. ఏడాది పొడవునా సాగే వేటలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇక్కడే జరుగుతుంది. దాన్ని నెలల వారీగా చూస్తేనే స్పష్టంగా కనిపిస్తుంది.

చలి తగ్గే వేళ: తొర్రలో పిల్లలు

దక్కనులో రామచిలుకలు సుమారుగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా పిల్లల్ని పెంచుతాయి. తల్లి చెట్టు తొర్రలో నాలుగైదు గుడ్లు పెట్టి మూడు వారాలకు పైగా పొదుగుతుంది. పుట్టిన పిల్లకు ఒంటి మీద ఈక ఉండదు, కళ్లు తెరుచుకోవు. ఎగిరి తొర్ర దాటడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. చిలుకను కొనేవాళ్లకు పెద్దది అక్కర్లేదు. చేతి మీద పెరిగి, మాటలు నేర్చే పిల్ల కావాలి. అందుకే చెట్టెక్కేవాడు ఈకలు రాకముందే వస్తాడు.

తొర్ర నోరు చిలుక పట్టేంతే ఉంటుంది, మనిషి చెయ్యి పట్టదు. గొడ్డలితో నాలుగు దెబ్బలు వేసి వెడల్పు చేస్తే గాని లోపలి పిల్లలు అందవు. ఒకసారి నోరు పెద్దదయ్యాక ఆ తొర్రలోకి వాన పడుతుంది, కాకి దూరుతుంది, పాము దూరుతుంది. మరుసటి ఏడు అందులో ఏ పిట్టా గుడ్లు పెట్టదు. గట్టి చెక్కలో కొత్త తొర్ర తొలిచే బలం చిలుకకు లేదు. వడ్రంగి పిట్టలు తొలిచి వదిలేసినవో, కొమ్మ విరిగిన చోట చెక్క కుళ్లి ఏర్పడినవో వెతుక్కుంటుంది. గోరువంక, పైడికంటె, పాలపిట్ట కూడా అలాంటి తొర్రల కోసమే తిరుగుతాయి. పొలం గట్టున మిగిలిన ఒక్క ముసలి చింతకో, మోడైన తాటికో గొడ్డలి పడిందంటే, ఆ ఏడు పోయేది నాలుగు చిలుక పిల్లలు. ఆ తరవాతి ఏళ్లలో పోయేది ఆ చేను చుట్టుపక్కల పురుగులనూ ఎలుకలనూ తినే పిట్టల ఇల్లు.

చిలుకల్లో పెద్దదైన గంగ చిలుకకు మార్కెట్లో గిరాకీ ఇంకా ఎక్కువ. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ముప్పు అంచున ఉన్న జాతిగా గుర్తించింది. అందుకు చెప్పిన కారణాల్లో పంజరాల కోసం పట్టడం ఒకటి. మామూలు రామచిలుక జాతికి అంత ముప్పు లేదు. లండన్ పార్కుల్లోనూ అది గుంపులు గుంపులుగా స్థిరపడింది. కానీ లండన్‌లో చిలుకలు పెరిగితే మన ఊరి చింత చెట్టు మీదికి చిలుకలు రావు. ఒక జాతి ప్రపంచంలో క్షేమంగా ఉంటూనే ఒక మండలంలో మాయం కావచ్చు.

2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది ఈ రామచిలుకనే.

ఎండాకాలం: ఆఖరి నీటి గుంట

ఏప్రిల్, మే నెలల్లో కుంటలు ఎండిపోతాయి. పది చోట్ల తాగే జంతువులు ఒక్క మడుగు దగ్గరికి చేరుకుంటాయి. అక్కడ పొంచి కూర్చున్నవాడు వాటి వెంట తిరగాల్సిన పనే లేదు. రాత్రిళ్లు హెడ్‌లైట్ ఆ పని ఇంకా తేలిక చేస్తుంది. జింక, దుప్పి వంటి రాత్రి తిరిగే జీవాల కంటి వెనక అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుతురును అది మళ్లీ దృష్టి కణాల మీదికి తిప్పికొడుతుంది. చీకట్లో చూపు కోసం ఏర్పడిన ఆ పొర టార్చి వెలుగు తగలగానే మెరిసి జీవాన్ని పట్టిస్తుంది. కళ్లు చెదిరి అది కదలకుండా నిలబడిపోతుంది కూడా.

కృష్ణజింక సుమారు ఆరు నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. మొదటి రోజుల్లో పిల్ల తల్లి వెంట తిరగదు, గడ్డిలో నక్కి ఉంటుంది. తల్లి పాలిచ్చి దూరంగా వెళ్లిపోతుంది, వాసన పట్టి నక్కలు రాకుండా. నీటి దగ్గర తల్లి చనిపోతే గడ్డిలోని పిల్ల సంగతి ఎవరికీ తెలియదు. పట్టుబడ్డ కళేబరాల లెక్కలోకి అది రాదు.

తొలకరి: కూతకు వచ్చే పుంజు

కౌజు పిట్ట పాతబస్తీలో తీతర్. ఉదయం, సాయంత్రం చేలలో, ముళ్ల పొదల మధ్య గట్టిగా, గొంతు పెంచుతూ కూస్తుంది. ఆ కూత ఒక సరిహద్దు ప్రకటన. ఇది నా తావు, ఇక్కడ నా జోడు ఉంది, ఇంకో పుంజు రాకూడదు అని. ఎండాకాలం నుంచి వానాకాలం దాకా, గూడు పెట్టే రోజుల్లో ఈ పట్టుదల ఎక్కువ.

దీని మీదే పిలుపు పిట్ట వేట ఆధారపడింది. మచ్చిక చేసిన పుంజును చిన్న పంజరంలో పెట్టి, గుడ్డ కప్పి, తెల్లవారక ముందే పొదల మధ్య దింపుతారు. చుట్టూ పుల్లలు గుచ్చి ఉచ్చులు అమరుస్తారు. ఒకప్పుడు గుర్రపు వెంట్రుకతో పేనేవారు, ఇప్పుడు నైలాన్ దారం. గుడ్డ తీయగానే లోపలి పుంజు కూస్తుంది. ఆ తావు పుంజు తిరిగి కూస్తుంది. మరికాసేపటికి ఇంకా దగ్గర నుంచి కూస్తుంది. చివరికి మెడ చాచి, రెక్కలు విదిలించి, పంజరం మీదికి పరుగున వస్తుంది. కాలో మెడో ఉచ్చులో బిగుసుకుంటుంది.

ఈ పద్ధతిలో పడే పిట్ట ఏది? బలహీనమైనది కాదు, దారి తప్పినదీ కాదు. తావు సంపాదించి, జోడును నిలబెట్టుకుని, గూడును కాపలా కాస్తున్న పుంజే వస్తుంది. మిగతా కాలంలో గుంపులో ఉండే పిల్ల పిట్టలకు ఈ పిలుపు మీద అంత పట్టింపు ఉండదు. అంటే ఈ వేట మందలోంచి ఏదో ఒకటి తీసుకోవడం లేదు. సంతానం ఎవరి వల్ల కలుగుతుందో వాటినే ఏరి తీస్తోంది.

లాల్ మునియా కథా ఇదే. ఎర్ర జినువాయి మగపిట్ట ఏడాదంతా ఎర్రగా ఉండదు. మిగతా రోజుల్లో ఆడదానిలా మట్టి రంగులోనే ఉంటుంది. వానాకాలంలో జత కట్టే వేళ ఈకలు మార్చుకుని ఎర్రబడుతుంది. కొనేవాళ్లకు ఎర్రనిదే కావాలి. కాబట్టి పిట్ట సంతానానికి సిద్ధమైందని ప్రకృతి ఏ గుర్తు పెడుతుందో, ఆ గుర్తుకే బజారులో ధర పలుకుతుంది. ఎర్రవి దొరకని రోజుల్లో చవక రకం జినువాయిలకు ఆకుపచ్చ, గులాబీ రంగులు పూసి అమ్మడమూ ఉంది. పిట్ట ముక్కుతో ఈకలు దువ్వుకున్నప్పుడల్లా ఆ రంగు కడుపులోకి పోతుంది.

దసరా, దీపావళి

దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని తెలంగాణలో నమ్మకం. ఊళ్లో అయితే జమ్మి చెట్టు దగ్గరికి పోతూ చేల మీదా కరెంటు తీగల మీదా వెతికేవారు. దొరికినప్పుడు దండం పెట్టుకునేవారు. నగరంలో పిట్ట కనిపించదు కాబట్టి పంజరంలో పెట్టి తిప్పే అలవాటు వచ్చింది. కాళ్లకు దారం కట్టి, రెక్కలు కత్తిరించి, కొన్నిసార్లు జిగురు రాసి వీధి వీధి తిప్పుతారు. పాలపిట్టకు ఇది గూడు పెట్టే కాలం కాదు, అది మార్చి నుంచి జులై దాకా. అయితే రెక్క ఈకలు తెగిన పిట్టను పండగ మర్నాడు వదిలినా అది ఎగరలేదు. ఎగురుతూ మిడతలనూ పేడపురుగులనూ పట్టి బతికే పిట్టకు రెక్క లేకపోతే తిండి లేదు. 2014లో తెలంగాణ దీన్నే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

దీపావళి అమావాస్య దగ్గర పడితే గుడ్లగూబల వంతు. క్షుద్ర పూజల పేరుతో దేశమంతటా వీటిని పట్టి అమ్ముతున్నారని వన్యప్రాణి వ్యాపారంపై నిఘా పెట్టే ట్రాఫిక్ ఇండియా సంస్థ ఒక నివేదికలో వివరించింది. ఆ అధ్యయనం చేసిన అబ్రార్ అహ్మద్ దశాబ్దాల పాటు దేశంలోని పక్షుల సంతలన్నీ తిరిగినవాడు. వరి చేలలో ఎలుకల మందు కొనే రైతుకు, అదే పని రాత్రంతా ఉచితంగా చేసే తెల్ల గుడ్లగూబ ఏ సంచిలో పట్నం పోయిందో తెలియదు.

నవాబుల శికార్ నుంచి చట్టం దాకా

మహబూబ్ చౌక్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1869 నుంచి 1911 దాకా ఏలాడు. పులుల వేటలో ఆయనకు గొప్ప పేరు. 1902లో వైస్రాయ్ కర్జన్ హైదరాబాద్ రాజ్యానికి అతిథిగా వచ్చి వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులిని వేటాడాడు. చచ్చిన పులి వెనక కర్జన్ దంపతులు నిలబడిన ఫోటోను నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసింది. అది నేటికీ వేట చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తూ ఉంటుంది.

ఆ వేటలో జంతువుల మీద దయ ఏమీ లేదు. కానీ శికార్‌గాహ్ అనే ఆ వేట అడవిలోకి మామూలు జనానికి ప్రవేశం లేదు. దొరలు వచ్చే కొద్ది రోజులు తప్పితే మిగతా ఏడాదంతా అక్కడ తుపాకి మోగదు. పల్లెవాసుల్ని దూరం పెట్టిన అన్యాయం ఒక పక్క ఉన్నా, జంతువులకు ఊపిరి పీల్చుకునే కాలం దొరికింది. నిజాముల వేట అడవి పోచారం తరవాత అభయారణ్యమైంది. వనస్థలిపురం దగ్గరి వేట మైదానం మహావీర్ హరిణ వనస్థలి పేరుతో కృష్ణజింకల నెలవైంది.

బ్రిటిష్ ఇండియాలో 1887 నాటి పక్షుల చట్టం, 1912 నాటి పక్షులు, జంతువుల చట్టం వేట నిషిద్ధ కాలం అనే పద్ధతిని తెచ్చాయి. గూడు పెట్టే నెలల్లో చంపడం, అమ్మడం నేరం. ఆ పద్ధతి వెనక మంచి జీవశాస్త్రం ఉంది. పూరేడు పిట్టల వంటివి వానల తరవాత చాలా పిల్లల్ని పెంచుతాయి. తరవాతి ఎండాకాలానికి ఆకలికీ రోగానికీ వాటిలో చాలా భాగం ఎలాగూ పోతాయి. పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లో కొన్నిటిని పట్టినా, మిగిలిన వాటికి తిండి పెరిగి సంఖ్య మళ్లీ సర్దుకుంటుంది. ఎండాకాలం గట్టెక్కి గూటిలో కూర్చున్న తల్లి సంగతి వేరు. దానితో పాటే ఆ ఏటి పిల్లలన్నీ పోతాయి. ఆ లోటును పూడ్చే జీవి వెనక ఏదీ లేదు.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. పాసింజర్ పావురాలు ఒకప్పుడు కోట్ల కొద్దీ గుంపులుగా ఆకాశాన్ని కప్పేవి. రైళ్లు, టెలిగ్రాఫ్ వచ్చాక, గూళ్లు ఎక్కడ పెట్టాయో తెలిసిన వెంటనే వేటగాళ్లు అక్కడికి వాలేవారు. 1878లో మిషిగన్‌లోని పెటోస్కీ దగ్గర గూళ్ల మీదే పెద్ద పిట్టలనూ పిల్లలనూ కలిపి పీపాల్లో నింపి నగరాలకు పంపారు. ఆ జాతిలో ఆఖరిదైన మార్తా 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చనిపోయింది.

మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సు మీద కొన్ని రకాల వేటను ఉండనిచ్చింది. పిట్టలు పట్టడానికీ లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. చట్టంలో వేట అనే మాటకు అర్థం కూడా విశాలమైనది. చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, పట్టడం, గుడ్లు తీయడం, గూడు చెదరగొట్టడం కూడా వేటే. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మామూలు నేరాలకు గరిష్ఠ జరిమానాను 25 వేల రూపాయల నుంచి లక్షకు పెంచింది.

తీగ మనిషిని వదలదు

ఇంతదాకా నష్టపోయింది పిట్టలూ జింకలూ. ఊరివాళ్ల ప్రాణానికే ముప్పు తెచ్చిన వేట కరెంటు తీగది. మొక్కజొన్న, వేరుశనగ, వరి చేతికొచ్చే వేళ అడవి పందులు రాత్రికి రాత్రి చేను నాశనం చేస్తాయి. అప్పు చేసి సాగు చేసిన కుటుంబానికి అది భరించరాని దెబ్బ. దాంతో కొందరు చేను చుట్టూ, మాంసం కోసమైతే కొందరు అడవి దారుల్లోనూ, మోకాలి ఎత్తులో పుల్లలు పాతి సన్నని బైండింగ్ వైరు లాగుతారు. దగ్గరి లైనుకు కొక్కెం తగిలిస్తారు.

అనుమతి ఉన్న సోలార్ కంచె పనితీరు వేరు. అది సెకనుకు ఒకసారి, వెంట్రుకవాసి కాలం పాటు మాత్రమే దెబ్బ కొడుతుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి తగ్గడానికి మధ్యలో వ్యవధి ఉంటుంది. లైను నుంచి నేరుగా లాగిన తీగలో ప్రవాహం ఆగదు. కండరాలు బిగుసుకుపోయి, తగిలినది తీగను వదిలించుకోలేదు. వంద మిల్లీ ఆంపియర్ల లోపు కరెంటు గుండె మీదుగా పోయినా చాలు, గుండె లయ తప్పి ఆగిపోతుంది. నేల తడిగా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. చీకట్లో ఆ తీగకు పంది, ఎద్దు, నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతు అనే తేడా లేదు.

2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపుకు వెళ్లిన ఒక గ్రేహౌండ్స్ కమాండో, జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. 2025 మే నెలలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అడవిలో ఒక ఆడపులి అలాంటి తీగకే బలైంది. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చే పులులకు ఈ జిల్లా మొదటి మజిలీ. ఒక ఆడపులి ఇక్కడ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మరి తీగతో పందులు తగ్గుతాయా? ఆడపంది నాలుగు నెలలకు కాస్త తక్కువ కాలంలోనే ఈని, ఒక ఈతలో నాలుగారు పిల్లల్ని పెడుతుంది. ఫ్రాన్సు తూర్పు ప్రాంతంలోని షాటోవిలెన్ అడవిలో శాస్త్రవేత్తలు 22 ఏళ్ల పాటు అడవి పందుల్ని గమనించారు. వేట ఒత్తిడి పెరిగిన కొద్దీ అక్కడి పందులు ఈనే తేదీ పన్నెండు రోజుల దాకా ముందుకు జరిగింది. వేట సీజన్ వచ్చేలోగా ఎదిగి, చిన్న వయసులోనే ఈనగలిగినవి ఎక్కువ సంతానాన్ని వదిలి వెళ్లాయి. పంది ఇలా తట్టుకుంటుంది. అదే తీగకు తగిలిన బుర్రజింక, చిరుత, పులి తట్టుకోలేవు. పంది పిల్లల్ని తిని వాటి సంఖ్యను అదుపులో ఉంచే జీవులే ముందు తగ్గిపోతాయి. రైతు బాధ తీరదు, ఏడాదంతా రాత్రి చేనుకు పోవడానికి భయం మాత్రం మిగులుతుంది. పంట నష్టానికి పరిహారం త్వరగా అందడం, సోలార్ కంచెకు సాయం చేయడం వన్యప్రాణుల మీద జాలితో చేసే పనులుగా చూస్తే సరిపోదు. అవి ఊరివాళ్ల ప్రాణరక్షణ కూడా.

మీర్ ఆలం చెరువు అవతల

పాతబస్తీ అంచున, మీర్ ఆలం చెరువు ఒడ్డున 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. అక్కడికి దగ్గర్లోనే, అత్తాపూర్‌లో, సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన అంతరించిపోతున్న జీవుల సంరక్షణ ప్రయోగశాల ఉంది. లాకోన్స్ అని పిలుస్తారు. దేశం నలుమూలల నుంచి అటవీ అధికారులు మాంసం ముక్కలు, చర్మం, ఎముకలు, వండిన కూర కూడా ఇక్కడికి పంపుతారు.

పట్టుబడినవాడు అది మేక మాంసం అంటాడు, అధికారి జింక అంటాడు. కోర్టుకు రుజువు కావాలి. ఒక్కో కణంలో కేంద్రకం ఒకటే ఉంటుంది గానీ మైటోకాండ్రియాలు వందల కొద్దీ ఉంటాయి. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. అందుకే ఎండినా ఉడికినా ఎక్కడో కొన్ని ప్రతులు మిగులుతాయి. అందులోని సైటోక్రోమ్ బి అనే జన్యువులో కొన్ని భాగాలు పాము నుంచి పులి దాకా దాదాపు ఒకేలా ఉంటాయి. వాటి నడుమ భాగం మాత్రం జాతి జాతికీ మారుతుంది. ఒకేలా ఉన్న భాగాలను పట్టుకునే ప్రైమర్లతో నడుమ భాగాన్ని కోట్ల ప్రతులుగా పెంచి చదివితే అది ఏ జంతువో తేలిపోతుంది. ఏ జాతికైనా పనికొచ్చే ఈ పద్ధతిని సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ రూపొందించారు. మహబూబ్ చౌక్ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, వేట కేసును నిలబెట్టగల విజ్ఞానం సిద్ధంగా ఉంది.

దాడి జరిగిన రోజు అధికారి ముందు ఇంకో కష్టం కూడా ఉంటుంది. పట్టుకున్న పిట్టల్ని అప్పటికప్పుడు వదిలేయలేరు. ఇరుకు పంజరంలో రోగాలు అంటి ఉంటాయి, రెక్కలు తెగి ఉంటాయి. కొత్త ఈక రావాలంటే పాతది సహజంగా రాలే దాకా ఆగాలి. మనిషి చేతి మీద పెరిగిన చిలుకకు గద్దను చూసి దాక్కోవడం తెలియదు. వదిలితే చస్తుంది. అందుకే దుకాణంలో పట్టుకోవడం కన్నా తొర్ర దగ్గర ఆపడం ఎన్నో రెట్లు మేలు.

ఉచ్చు తెలిసిన చేతులు

ఆపడమెలా అన్నప్పుడు అందరి కళ్లూ ముందు పిట్టలు పట్టేవాళ్ల మీద పడతాయి. పారధి, నక్కల వంటి సంచార కుటుంబాలు తరాల తరబడి ఈ పని మీదే బతికాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఎన్నో సంచార తెగలకు పుట్టుకతోనే నేరస్థుల ముద్ర వేసింది. 1952లో గాని అది తొలగలేదు. భూమి లేదు, చదువు అందలేదు. ఉచ్చు పెట్టినవాడికి దక్కే కూలీకీ, పంజరం ధరకూ మధ్య దళారీలు ఎందరో. అరెస్టయ్యేది మాత్రం ఎక్కువగా మొదటివాడే.

ఆ చేతుల్లో ఉన్న విద్య ఎంత విలువైనదో 1986లో కడప జిల్లా చూపింది. కలివికోడి 1900 తరవాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనుకున్నారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి, బొమ్మ చూపించి, ఊరూరా అడిగాడు. ఆ పిట్టను గుర్తుపట్టింది, జనవరి రాత్రి టార్చి వెలుగులో పట్టి చూపించింది రెడ్డిపల్లె ప్రాంతపు వేటగాడే. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని వల్లే వచ్చింది. ఎనభై ఆరేళ్లు శాస్త్రవేత్తలకు కనిపించని పిట్ట జాడ పొదల్లో తిరిగేవాడికి తెలుసు.

కట్టుబాటు మారడానికి తరాలు పట్టనక్కర్లేదని నాగాలాండ్‌లోని దోయాంగ్ నిరూపించింది. 2012లో అక్కడి జలాశయం దగ్గర ఆముర్ డేగలను వలల్లో వేల కొద్దీ పడుతున్నారని లోకానికి తెలిసింది. ఊరి పెద్దలు, చర్చి, అటవీ శాఖ కూర్చుని మాట్లాడుకున్నాక మరుసటి ఏడే ఆ వలలు దిగలేదు. మన దగ్గర శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో ఇళ్ల మధ్య చింత చెట్ల మీద కొంగలు గూళ్లు పెడతాయి. వాటి మీద రాయి వేసేవాణ్ణి ఊరివాళ్లే ఆపుతారు. కొంగలు రాని ఏడు వానలు సరిగా పడవని వీరాపురం నమ్మకం. గూడు పెట్టే నెలల్లో పిట్టకు కాపలా ఉండాలన్న విషయం ఆ ఊళ్లకు ఏ చట్టమూ చెప్పలేదు.

పాతబస్తీకి సరుకు వచ్చే జిల్లాల్లోనూ పని ఇలాగే నెలల వారీగా జరగాలి. జనవరికి ముందే గట్ల మీద తొర్రలున్న చెట్ల పట్టిక ప్రతి మండలంలో తయారవ్వాలి. ఏప్రిల్ దాకా వాటికి కాపలా ఉద్యోగం, చెట్టెక్కడం తెలిసిన ఆ కుటుంబాలకే జీతం మీద ఇవ్వాలి. ఎండల్లో మడుగుల దగ్గర రాత్రి గస్తీ ఉండాలి. పంట చేతికొచ్చే నెలల్లో విద్యుత్ సిబ్బంది, అటవీ సిబ్బంది కలిసి లైన్ల వెంట నడిచి కొక్కేలు తీయించాలి. మహబూబ్ చౌక్‌లో తనిఖీలు దసరా వారానికే పరిమితం కాకుండా చిలుక పిల్లలు దిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఎర్ర జినువాయిలు దిగే వానాకాలంలో గట్టిగా జరగాలి. పంజరం కొనడానికి వచ్చిన కుటుంబానికి, పావురం, లవ్‌బర్డ్ కొనుక్కోవచ్చు, రామచిలుక కొనడం నేరం అని దుకాణం ముందే తెలుగులో, ఉర్దూలో రాసి ఉండాలి. కొనేవాళ్లలో చాలామంది పిల్లల సరదా కోసం వచ్చే తల్లిదండ్రులు. ఆ చిలుక ఏ తొర్రలోంచి వచ్చిందో, ఆ తొర్ర తరవాత ఏమైందో వాళ్లకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.